యానాం మామ్మగారి ఫ్రెంచి

మొన్న మంగళవారం పొద్దున్న మా వీధి చివర టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరిదో మేక వచ్చి, బల్ల పక్కన వేలాడుతున్న అరటిగెలకి మూతి పెట్టింది. టీ కాచే ఆయన గరిటె ఎత్తి "ఆలే! ఆలే!" అని అదిలించాడు. మేక ఏమీ జరగనట్టు వెనక్కి తిరిగి నడిచి వెళ్ళిపోయింది.

"ఆ మాట ఎక్కడిదండీ?" అని అడిగాను.

"ఏ మాటమ్మా?"

"ఇప్పుడు ఆలే అన్నారు కదా."

"మేకలకి అలాగే అంటారు కదమ్మా. అంటే ఎల్తాయి. మా పిల్లలూ అలాగే అంటారు," అన్నాడు ఆయన, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి.

నర్సీపట్నంలో మరే వీధిలోనూ మేకల్ని ఆ మాటతో తోలరు. అది ఫ్రెంచి మాట. పొండి అని అర్థం. దాన్ని మా వీధికి తెచ్చినావిడ పోయి పద్నాలుగు నెలలైంది. మాట మాత్రం ఇంకా ఇక్కడే తిరుగుతోంది, ఎవరిదో తెలియకుండా. ఆ రోజు నేను టీ తాగకుండానే గ్లాసు పెట్టేసి ఇంటికొచ్చాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మా వీధిలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళూ లేరు. ఎదురుగా యానాం మామ్మగారు, చాటున ఫ్రెంచి మామ్మ. అటవీశాఖలో గుమాస్తాగా పనిచేసే భర్త వెంట కొత్త పెళ్ళికూతురిగా ఈ ఊరొచ్చి, ఆయన పోయాక కొడుకు దగ్గర ఉండిపోయారు. పెదబొడ్డేపల్లి వెళ్ళే దారిలో వాళ్ళ డాబా. కింద కొడుకు ఎరువుల దుకాణం, పైన ఇల్లు. అరవై ఏళ్ళు ఇక్కడి నీళ్ళు తాగినా ఆవిడ మాటలో గోదావరి పోలేదు. "ఇక్కడి చేపకి రుచేదమ్మా? పేరుకి చేపంతే," అనేవారు.

యానాం ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న రోజుల్లో ఆవిడ అక్కడి బడిలో ఒక ఫ్రెంచి సిస్టరు దగ్గర చదువుకున్నారు. ఊరు మన దేశంలో కలిసేనాటికి పన్నెండేళ్ళు. ఆ తర్వాత చదువు ఆగిపోయింది. పదహారేళ్ళకి పెళ్ళి. కాబట్టి ఆవిడకి ఎన్నేళ్ళొచ్చినా ఆవిడ ఫ్రెంచికి పన్నెండేళ్ళే.

నేను ఆవిడ దగ్గరికి వెళ్ళింది ఏడేళ్ళ కిందట. అప్పుడు హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాను, అందులో ఫ్రెంచి ఒక సబ్జెక్టు. ఫ్రాన్సులో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. మా నాన్న చింతపల్లి ఘాటు బస్సులో కండక్టరు. మా ఇంట్లో విమానం ఎక్కినవాళ్ళు ఎవరూ లేరు. ప్రయాణానికి రెండు నెలల ముందు నేను ఇంటికొస్తే, ఈ వీధికి అప్పుడే కొత్తగా మారిన మా అమ్మ టైలరు దగ్గర ఓ కబురు విని వచ్చింది.

"ఆ ఎరువుల కొట్టు మీద మామ్మగారికి ఫ్రెంచొచ్చట. ఎల్లి కూకో కొన్నాళ్ళు. ఇంట్లో ఫోను సూసుకుంటా కూకునే కంటే నయం కాదేటి?"

నవ్వొచ్చింది నాకు. రెండేళ్ళుగా పుస్తకాలతో, ఆడియోలతో చదువుకున్నదాన్ని. అయినా అమ్మ పోరు పడలేక వెళ్ళాను. మామ్మగారు డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ, క్లిప్పులు ఒక్కొక్కటే ఫ్రెంచిలో లెక్కపెడుతూ డబ్బాలో వేస్తున్నారు. "అఁ, ద, త్రువా, కత్ర..." సన్నటి మనిషి. చెవులకి బరువైన పాత దుద్దులు. నేను మెట్ల దగ్గర నిలబడి "బోఁజూర్ మదామ్" అని ఫ్రెంచిలో నమస్కారం చెప్పాను.

చేతిలో క్లిప్పు అలాగే ఆగిపోయింది. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నడుం నిటారుగా నిలబెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎదురుగా పది మంది ఉన్నట్టు గట్టిగా "బోఁజూర్, మద్‌మొజెల్!" అన్నారు. ర మీద నాలుక రెండు గంతులేసింది.

నేను అక్కడున్న కుర్చీలో కూర్చోబోయాను.

"కూర్చుని ఫ్రెంచి మాట్లాడకూడదమ్మా. సిస్టరుగారు చీరేస్తారు," అన్నారు.

"ఏ సిస్టరుగారండీ?"

"మా సిస్టరుగారు." ఆవిడేదో పక్క గదిలోనే ఉన్నట్టు చెప్పారు.

ఆ రెండు నెలలూ నేను డాబా మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఫ్రెంచి చదివాను. ఎండ ఎక్కితే ఆవిడ గొడుగు తెచ్చి నా తల మీద పట్టేవారు గానీ కూర్చోనిచ్చేవారు కాదు. తెలుగులో లేని శబ్దాలకి ఆవిడ దగ్గర చిట్కాలుండేవి. "ఈల వెయ్యడానికి పెదాలు పెట్టమ్మా. పెట్టేవా? ఇప్పుడు ఈల వెయ్యకుండా ఈ అను. అదీ!" మా కాలేజీలో రెండేళ్ళలో పలకని శబ్దం ఆ పూట పలికింది. తప్పు చెప్తానేమోనని నేను గొణిగితే కోపం వచ్చేది. "సణిగిన రైటు కన్నా అరిచిన తప్పు నయం. అరువు. రోడ్డు మీద వాళ్ళకి వినపడాలి." రోడ్డు మీద వాళ్ళకి వినపడేది కూడా. యూరియా బస్తా ఎత్తుకున్న రైతులు తల పైకెత్తి చూసేవారు.

లెక్క ఏదైనా ఆవిడ ఫ్రెంచిలోనే పెట్టేవారు. ఇడ్లీలు, మెట్లు, కుక్కరు కూతలు. తెలుగులో లెక్కపెట్టమంటే పదికి పైన తడబడేవారు. ఒకటి అంకెని పైన పొడుగాటి కొక్కెంతో రాసేవారు, చిన్నప్పుడు బడిలో నేర్చినట్టే. ఒకసారి పాలవాడికి చీటీ మీద ఒక ప్యాకెట్ అని రాస్తే వాడు ఏడు ప్యాకెట్లు గుమ్మంలో పెట్టి పోయాడు. ఆ రోజు వీధంతా పాయసం తాగింది. కోడలు తల కొట్టుకుంది, మామ్మగారు మాత్రం "అది ఒకటే. చదవడం రానివాడిదా తప్పు, రాసినదానిదా?" అన్నారు. మేకల్నీ కాకుల్నీ ఫ్రెంచిలోనే తోలేవారు. తెలుగులో తోలితే వాటికి భయం ఉండదట.

వెళ్ళే ముందు రోజు కాళ్ళకి దండం పెడితే తల మీద చెయ్యి వేసి, "ఆదివారం ఆదివారం ఫోను చెయ్యమ్మా. ఫ్రెంచిలోనే మాట్లాడాలి సుమా. నాకిక్కడ మాట్లాడ్డానికి మేకలు తప్ప ఎవరున్నారు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

నేను వెళ్ళిన ఊరి పేరు ఆంజే. రాతలో చివర ఇంకో రెండక్షరాలుంటాయి, అవి పలకరు. జనవరిలో దిగాను. నల్లరాతి పలకల కప్పుల ఇళ్ళు, పొద్దున్న ఎనిమిదైనా తెల్లవారని ఆకాశం. మొదటి వారం నేను ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. వాళ్ళు మాటల్ని సగంలో మింగేసేవారు. క్లాసులో ప్రొఫెసర్ అడిగిన ప్రశ్న నాకు అర్థమయ్యేసరికి మూడో జవాబు కూడా అయిపోయేది. ఒకసారి రొట్టెల దుకాణంలో, ఇంక తప్పక, నడుం నిటారుగా పెట్టి, మామ్మగారి దగ్గర నేర్చుకున్న మర్యాదలన్నీ గుది గుచ్చి ఒక రొట్టె అడిగాను. దుకాణం ఆవిడ నన్ను ఒక్క క్షణం వింతగా చూసింది. తర్వాత ఆవిడ మొహమంతా మెత్తబడి, చిన్నపిల్లకి ఇచ్చినట్టు రెండు చేతులతో రొట్టె అందించింది. బయటికొచ్చి చలిలో నిలబడి దాన్ని అక్కడే తిన్నాను.

ఆదివారం అక్కడ పొద్దున్న పదికి ఫోను చేసేదాన్ని. ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. కోడలు వీడియో కాల్ కలిపి ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించి వెళ్ళేది. మామ్మగారు దాని ముందు నిలబడే మాట్లాడేవారు. నిలబడితే మొహం కనిపించేది కాదు. కనిపించేది మెడ, గొలుసు, ఉతికి ఇస్త్రీ చేసిన జాకెట్టు. ఆదివారం ఫోనుకి ఆవిడ మంచి చీర కట్టుకునేవారని కోడలు చెప్పింది. అక్కడేం తింటున్నారు, నది ఎంత వెడల్పు, సిస్టర్లు ఇంకా తెల్ల టోపీలు పెడుతున్నారా. అడిగినవే అడిగేవారు. ఫిబ్రవరి అయ్యేసరికి నా ఫ్రెంచి పరుగెత్తడం మొదలుపెట్టింది. అక్కడి పిల్లల్లాగే నేనూ మాటల్ని మింగడం నేర్చాను. ఆవిడ ఒక్కో మాటా ఇస్త్రీ చేసినట్టు పలుకుతుంటే నాకు ఓపిక తగ్గుతూ వచ్చింది. ముప్పావుగంట మాట్లాడేదాన్ని పావుగంటకి తెచ్చాను.

మార్చిలో ఒక ఆదివారం హాస్టల్ వంటగదిలో ఉన్నాను. నా పక్క గది అమ్మాయి క్లేర్, ఆమె స్నేహితులు ముగ్గురు అక్కడే టిఫిన్ తింటున్నారు. పది దాటినా నేను చెయ్యకపోయేసరికి మామ్మగారింటి నుంచే నా ఫోను మోగింది. మా ఊళ్ళో ఫ్రెంచి మాట్లాడే మామ్మ ఉందని అంతకుముందే గొప్పగా చెప్పి ఉన్నాను. క్లేర్ చూపించమంది. చూపించాను.

ఫ్రాన్సు పిల్లలు తనని వింటారని తెలిసి మామ్మగారు రెండడుగులు వెనక్కి వేశారు. మొదటిసారి తెర మీద మనిషంతా కనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి పీల్చుకుని, బడిలో నేర్చిన పాఠం మొదలుపెట్టారు. ఆవు చాలా ఉపయోగకరమైన జంతువు. అది మనకి పాలు, వెన్న ఇస్తుంది. వెన్నకి ఫ్రెంచి మాట ర తో ముగుస్తుంది. అక్కడ ఆ ర గొంతులో గరగరమని అణగిపోవాలి. మామ్మగారిది నాలుక చివర టపటపా కొట్టుకుంది. బల్ల దగ్గరి కుర్రాడొకడు చేతిలో ఉన్న వెన్న కత్తి ఎత్తి, ఆ మాటని అలాగే, ర ని ఇంకా సాగదీసి అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నిజం చెప్పాలంటే వాళ్ళ నవ్వులో విషం లేదు. ముచ్చటపడ్డారంతే. వాళ్ళ సంగతి నాకెందుకు, నేనూ నవ్వాను. వాళ్ళలో ఒకదాన్నని అనిపించుకోవాలని కాస్త గట్టిగానే నవ్వాను.

పాఠం వెన్న దగ్గరే ఆగిపోయింది.

"ఏమ్మా, తప్పు చెప్పేనా?" తెలుగులో అడిగారు.

"ర అలా అనకూడదు మామ్మగారూ. ఇక్కడెవరూ అలా అనరు."

"అలాగా," అన్నారు. కొంచెం సేపు ఫోనులో ఖాళీ గోడ కనిపించింది. తర్వాత కోడలు చెయ్యి వచ్చి ఫోను కట్ చేసింది.

తర్వాతి ఆదివారం చేస్తే మామ్మగారు పడుకున్నారంది కోడలు. ఆ పై ఆదివారం తలనొప్పట. మూడోసారి నేను చెయ్యలేదు.

మే నెలలో, సెమిస్టరు ముగిసే ముందు, ఉచ్చారణ పాఠాలు చెప్పే పెద్దాయన క్లాసులో ర గురించి మాట్లాడాడు. పల్లెల్లో ఒకప్పుడు అందరూ నాలుక చివరతోనే పలికేవారట. వాళ్ళ అమ్మమ్మ చచ్చేదాకా అలాగే పలికిందట. పల్లెల నుంచి దేశం కాని దేశం వెళ్ళిన సిస్టర్లు ఆ ర నే వెంట పట్టుకెళ్ళారట. అలా పలికి వినిపించాడు. కళ్ళు మూసుకుంటే అది నర్సీపట్నం డాబా. క్లాసు అయ్యాక ఆయన దగ్గరికెళ్ళి, అలా పలకడం తప్పా అని అడిగాను. "తప్పేముంది? అది పాతది, అంతే," అన్నాడు.

ఆ సాయంత్రమే ఫోను చేసి ఈ మాట ఆవిడకి చెప్పి ఉండాల్సింది. పరీక్షలున్నాయనుకున్నాను. ఇంటికెళ్ళాక ఎదురుగా చెప్పొచ్చులే అనుకున్నాను.

ఊరొచ్చిన మూడో రోజు వెళ్ళాను. ఫ్రాన్సు బడిపిల్లలు వాడే గీతల నోటుబుక్కులు రెండు పట్టుకెళ్ళాను. ఊదారంగులో సన్నగీతలు, పక్కన ఎర్రగీత, ఆ వరస మరెక్కడా ఉండదు. మామ్మగారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. బోఁజూర్ అన్నాను.

"రండి, రండి. కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందాండి?"

అంతకుముందెన్నడూ ఆవిడ నన్ను మీరు అనలేదు.

నోటుబుక్కు తెరిచి గీతల మీద వేలు పెట్టారు. వేలు ఎర్రగీత వెంట కిందిదాకా వెళ్ళింది. తర్వాత పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టారు. "ఇవి మీకే పనికొస్తాయండి."

"మామ్మగారూ, మీరన్నదే రైటు. ర అలా కూడా అంటారట. మా సారు చెప్పారు."

"పోన్లెండి. చిన్నప్పటి సంగతులు. టీ తాగుతారా?"

టీ తెచ్చిన కోడలు నాతో పాటు మెట్ల దాకా వచ్చింది. "ఏటో పాపా, ఈమధ్య మామ్మ లెక్క మర్సిపోతంది. క్లిప్పులు లెక్కెట్టమంటే పది దాటితే మళ్ళీ మొదటికొస్తంది." నేను వెనక్కి తిరిగి చూశాను. మామ్మగారు డబ్బా ముందు పెట్టుకుని, వేళ్ళు మడుస్తూ, తెలుగులో లెక్కపెడుతున్నారు. పదకొండు దగ్గర ఆగి ఆలోచిస్తున్నారు.

డిగ్రీ అయ్యాక నేను కొన్నాళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, తర్వాత నర్సీపట్నం తిరిగొచ్చి ఆన్‌లైన్‌లో ఫ్రెంచి చెప్పడం మొదలుపెట్టాను. కెనడా వెళ్ళాలనుకునే పిల్లలు చాలామంది నేర్చుకుంటారు. అదే వీధిలో, ఆవిడకి నాలుగిళ్ళ అవతల కూర్చుని, రోజుకి మూడు క్లాసులు ఫ్రెంచి మాట్లాడుతూ బతికాను. దారిలో కనిపిస్తే ఆవిడ నమస్కారం పెట్టేవారు. మేకల్ని తోలడం కూడా మానేశారు. ఆలే అనడం అప్పటికే వీధి నేర్చుకుంది కాబట్టి ఆవిడ అవసరం వాటికీ లేకపోయింది.

పద్నాలుగు నెలల కిందట ఒక పొద్దున్న ఆవిడ కొడుకు ఫోను చేశాడు. నేను ఆయన్ని బాబాయ్ అంటాను.

"పాపా, అమ్మకి పచ్చవాతం కొట్టిందమ్మా. ఆసుపత్రిలో ఎట్టేం. మాట పోయిందంటన్నారు డాక్టరు గారు. పోనేదమ్మా, మాటాడతంది. ఏటో బాస. నీ బాసే అనుకుంటన్నాను. నువ్వు బేగి రా."

వెళ్ళేసరికి మంచం చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఎవరు స్పూనుతో నీళ్ళు పట్టినా మూతి బిగించి మొహం తిప్పేసుకుంటున్నారు. కుడివైపు ఒళ్ళంతా వాలిపోయింది. నేను వంగి "బోఁజూర్" అన్నాను.

కళ్ళు నా మీదికి తిరిగాయి. ఆ చూపులో నేను లేను. "మ సర్," అన్నారు. సిస్టరు గారూ, అని. మాట ముద్దగా ఉంది, ర మాత్రం చెక్కు చెదరలేదు. తర్వాత ఎడమచెయ్యి లేపారు, చూపుడువేలు నిలువుగా పైకి పెట్టి. అక్కడి బడిపిల్లలు మాట్లాడ్డానికి అనుమతి అడిగేది అలాగే. వేలు అలాగే పెట్టి, ఫ్రెంచిలో, ఒక్కో మాటా ఏరుకుంటూ అడిగారు. డిక్టేషన్ అయిపోయింది సిస్టరు గారూ. అందరూ వెళ్ళిపోయారు. నేను ఇంటికెళ్ళొచ్చా?

ఎప్పటి డిక్టేషనో, ఎవరు ఎక్కడికి వెళ్ళిపోయారో, అలాంటి సాయంత్రం ఒకటి నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ అంతకుముందెప్పుడూ చెప్పలేదు.

"ఏటంటంది?" బాబాయ్ నా మొహంలోకి చూస్తున్నాడు. "నా పేరేటైనా సెప్పిందా?"

ఆ భాషలో ఆయన లేడు. ఆయనా, ఆయన తండ్రీ, ఈ ఊరూ ఏవీ లేవు. ఆయన పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందే అది ఆగిపోయింది. ఆయన ఫ్లాస్కు మూత చేత్తో పట్టుకుని నేనేం చెప్తానా అని చూస్తున్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నారు బాబాయ్. తిన్నావా అని."

యాభై అయిదేళ్ళ మనిషి గోడవైపు తిరిగి ఏడ్చాడు. తర్వాత వరండాలోకి వెళ్ళి, పక్క మంచాల వాళ్ళందరికీ చెప్పాడు. "నాను తిన్నానా అని అడుగుతందండి మా అమ్మ. ఆ బాసలో."

నేను సిస్టరులా గొంతు గట్టి చేసి, తాగు అన్నాను ఫ్రెంచిలో. నోరు తెరిచారు. డాక్టరు అన్నాడు, ఈ కాస్తా లోపలికి వెళ్తుంటే నాలుగు రోజులు నిలబెట్టొచ్చని. భిలాయిలో ఉన్న కూతురికి కబురెళ్ళింది. రైలు టికెట్టు దొరికి ఆవిడ వచ్చేసరికి నాలుగో రోజవుతుంది. "అక్కొచ్చే దాకా ఉంచు పాపా. నువ్వు సెప్తే ఇంటంది," అన్నాడు బాబాయ్ చేతులు పట్టుకుని.

ఉంచాను. రోజూ క్లాసుల మధ్య వెళ్ళేదాన్ని. నేను చెప్తే తాగారు, పక్కకి ఒత్తిగిల్లారు, సూది వేయించుకున్నారు. ప్రతిసారీ, నేను వచ్చిన కాసేపటికి, వేలు లేచేది. ఇంటికెళ్ళొచ్చా సిస్టరు గారూ? నేను అనేదాన్ని, ఇంకా కాదు. ఇంకొక్క పేరా ఉంది. ఆవిడ తల ఊపి వేలు దించేసేవారు. చెప్పిన మాట వినే పిల్ల. ఒకసారి మాత్రం, చీకటి పడిపోతోందండీ, మా అమ్మ కొడుతుంది అన్నారు. కిటికీ బయట పట్టపగలు.

బయటికొస్తే ఇంట్లోవాళ్ళకి నేను వేరే మాటలు తయారుచేసి ఇచ్చేదాన్ని. కోడలు పెట్టే చారు బాగుంటుందన్నారు. దుకాణం జాగ్రత్త అన్నారు. వాళ్ళు వాటిని తీసుకుని దాచుకునేవారు.

నాలుగో రోజు తెల్లవారుతూనే కూతురు వచ్చింది. నాకు వరసకి అత్త. నేను వెళ్ళేసరికి తల్లి చెంపలు తడుముతూ "అమ్మా, నానే" అంటోంది. మామ్మగారు ఆమెని మర్యాదగా చూసి, నావైపు తిరిగి వేలెత్తారు. ఇంక ఆవిడని ఉంచాల్సిన పని లేదు. వెళ్ళమ్మా అని ఒక్క మాట చెప్పేద్దామనుకున్నాను. నోరు రాలేదు. అంటే పోతారేమోనన్న భయం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. అయిదారేళ్ళ తర్వాత ఆవిడ మళ్ళీ నాతో ఫ్రెంచి మాట్లాడుతున్నారు. సిస్టరు అనుకునే అయినా, నాతోనే. అది నాకు ఇంకా కావాలనిపించింది. ఇంకా కాదు, నేను నాలుగింటికి వస్తాను, అంతవరకూ కూర్చో, అన్నాను. మధ్యాహ్నం రెండింటి క్లాసుకి ఇంటికెళ్ళాను. ఫోను సైలెంటులో పెట్టాను.

వచ్చేసరికి మొహం మీద దుప్పటి కప్పి ఉంది. బాబాయ్ కళ్ళు వాచి ఉన్నా మొహంలో ఏదో వెలుగుంది. "సివర్లో సెయ్యెత్తి దేముణ్ణి సూపించిందమ్మా. వేలు ఇలా పైకి ఎట్టి. చాలాసేపు అలాగే ఉంచింది. మా అమ్మ పున్నేత్మురాలు."

చాలాసేపు అలాగే ఉంచింది, అన్నాడు.

పదకొండో రోజు డాబా మీద షామియానా వేసి భోజనాలు పెట్టారు. మొదటి పంక్తి లేచాక అత్త నన్ను వాటర్ ట్యాంకు పక్కకి తీసుకెళ్ళింది.

"తమ్ముడి కోసం నువ్వేటి సెప్పినా పర్లేదు. నాకు నిజం సెప్పు. మాలో ఎవరి పేరైనా పలికిందా?"

"లేదత్తా."

"ఒక్కపాలీ?"

"ఒక్కసారి కూడా లేదు."

ఏడుస్తుందనుకున్నాను. పిట్టగోడకి ఆనుకుని దూరంగా కొండలవైపు చూసింది. "పోన్లే. పదారేళ్ళకి పెళ్ళి సేసేసేరు. అక్కణ్ణించి మమ్మల్ని మోస్తానే ఉంది. మేం నేని కాడ నాలుగు రోజులుంది. అదీ మంచిదే," అంది. తర్వాత నావైపు తిరిగింది. "మరి ఆ ఏలు? దేముణ్ణి కాదు కదా?"

చెప్పాను. బడి, సిస్టరు, అయిపోయిన డిక్టేషను, అందరూ వెళ్ళిపోవడం, ఇంటికెళ్ళొచ్చా అని అడగడం. అత్త నా నోటివంకే చూస్తూ వింది.

"మరి నువ్వు ఎల్లమన్నావా?"

"ఇంకా కాదన్నాను. నాలుగు రోజులూ అదే అన్నాను."

"మేం ఉంచమన్నాం కాబట్టి ఉంచేవు," అంది మెల్లగా, నన్ను ఊరడిస్తున్నట్టు. తర్వాత ఆ చూపు మారింది. "నానొచ్చేక కూడానా?"

ఆ క్షణంలో ఏదో ఒకటి చెప్పొచ్చు. ఆ నాలుగు రోజుల్లో అలా చెప్పడం బాగా అలవాటయింది.

"నువ్వొచ్చాక కూడా," అన్నాను.

అత్త కొంగు నడుంలో దోపుకుని, నీళ్ళ బిందె అందుకుని షామియానా కిందికి వెళ్ళింది. రెండో పంక్తి అప్పటికే కూర్చుంటోంది.